సర్వేల్ బడి, మన వూరి హాజరుపట్టీ



పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల్లో జిల్లాలవారీ పట్టిక వొకటి వేస్తారు. యే జిల్లాకు యెంత శాతం, ఆడపిల్లలు యెందరు, మగపిల్లలు యెందరు అని అందులో వుంటుంది. చాలా యేళ్లపాటు మన నల్లగొండ, పాలమూరు వాళ్లం ఆ పట్టికను కిందినుంచి పైకి చదివేవాళ్లం. మన పేరు తొందరగా దొరకాలంటే అదే దారి మరి! ఆ శాతాల వెనకాల వున్న కథ కొంత చెబుదామని యీ ప్రసంగం రాసుకున్నాను. శాతమంటే పరీక్ష రాసినవాళ్లలో యెందరు గట్టెక్కారని లెక్క. పరీక్షదాకా రానివాళ్లు ఆ లెక్కలో వుండరు. మన ప్రాంతంలో బడి చరిత్ర చాలావరకు ఆ రానివాళ్ల చుట్టూనే తిరుగుతుంది. అందులోనూ ఆడపిల్లల చుట్టూ.

ముందు మంచి మాటతో మొదలుపెడతాను. నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా అంటున్నాం, సంస్థాన్ నారాయణపురం దగ్గర సర్వేల్ అని వొక పల్లె వుంది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రోడ్డులో చౌటుప్పల్ దగ్గర దిగి లోపలికి పోవాలి. చెలకలు, గుట్టలు, తాటిచెట్లు తప్ప చెప్పుకోదగ్గ భాగ్యమేమీ లేని ప్రాంతం. ఆ పల్లెలో 1971 నవంబరు 23న ప్రభుత్వం వొక గురుకుల పాఠశాల పెట్టింది. రాష్ట్రంలో అటువంటి బడి అదే మొదటిది. పి.వి.నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. అంతకుముందు ఆయన విద్యాశాఖ చూసినవారు. పల్లెటూళ్లలో తెలివైన పిల్లలుంటారు, బీదతనం వల్ల వాళ్ల చదువు నడుమనే ఆగిపోతుంది, అటువంటివాళ్లను వొకచోట చేర్చి తిండి, బట్ట, చదువు అన్నీ సర్కారే చూసుకుంటే యేమవుతుందో చూద్దామని ఆయన ఆలోచన. సర్వోదయ కార్యకర్త మద్ది నారాయణరెడ్డి గారు తమ భూమి యిచ్చారు. మరుసటి యేడు, అంటే 1972లో, కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలోను, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోను యిటువంటి బడులే వెలిశాయి.

గురుకులం అంటే పేరు పాతదే గాని పద్ధతి చూడండి. పిల్లలూ పంతుళ్లూ వొకే ఆవరణలో వుంటారు. నాలుగు గంటలు కాగానే సైకిలెక్కి పట్నం పోయే సారు అక్కడ వుండడు. రాత్రి చదువుకునేటప్పుడు పిల్లవాడికి లెక్క రాకపోతే అడగడానికి మనిషి దగ్గరే వుంటాడు. పొద్దున లేవడం, ఆటలు, భోజనం, చదువు అన్నిటికీ వేళ వుంటుంది. మామూలు పల్లెబడిలో చదివే పిల్లవాడు పొద్దున బర్రెల్ని తోలి, సాయంత్రం నీళ్లు మోసి, రాత్రి బుడ్డిదీపం ముందు కునికిపాట్లు పడతాడు. సర్వేల్ పిల్లవాడికి ఆ బాధ లేదు. ఇందులో మంత్రమేమీ లేదు. పిల్లవాడికి కడుపునిండా తిండి, చదవడానికి వేళ, అడగడానికి పంతులు వుంటే యేం జరుగుతుందో అదే జరిగింది. పదో తరగతిలో ర్యాంకులు ప్రకటించే ఆ రోజుల్లో సర్వేల్ పేరు పేపర్లో పడని సంవత్సరం అరుదు. పట్నంలో పేరుమోసిన కాన్వెంటు బడులవాళ్లు యీ సర్వేల్ యెక్కడుందో పటంలో వెతుక్కున్నారని చెప్పుకునేవారు. పోలీసు శాఖలో డి.జి.పి.గా చేసిన మహేందర్‌రెడ్డి గారు, ఐ.ఎ.ఎస్. అధికారి బుర్రా వెంకటేశం గారు యిద్దరూ ఆ బడిలో చదివినవారే. 2024లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు వొకరి తర్వాత వొకరు అధ్యక్షులయ్యారు. వొక చెలక బడినుంచి వెళ్లినవాళ్లు రాష్ట్రంలో కొలువులకు పరీక్షలు పెట్టే కుర్చీలో వరసగా కూర్చున్నారంటే చిన్న సంగతి కాదు గదా!

పి.వి. గారు తర్వాత కేంద్రంలో మానవవనరుల మంత్రి అయినప్పుడు, 1986 జాతీయ విద్యావిధానంతోపాటు దేశమంతా నవోదయ విద్యాలయాలు వచ్చాయి. సర్వేల్ చెట్టుకు కాసిన పండే అది అంటే తప్పులేదు. నల్లగొండ జిల్లాకు చలకుర్తిలోను, పాలమూరు జిల్లాకు వట్టెంలోను నవోదయ బడులు పెట్టారు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నేను మెట్రిక్ వరకే చదివిన ఇల్లాలిని, పెద్ద పరిశోధనలు నాకు తెలియవు. కాని బియ్యం కొనేటప్పుడు బస్తా పైన చెయ్యిపెట్టి చూసినట్టు అడుగున కూడా చెయ్యిపెట్టి చూడటం మనకు అలవాటు. సర్వేల్‌లో చేరాలంటే ప్రవేశపరీక్ష రాయాలి. ఆ పరీక్ష రాయాలంటే ముందు వూళ్లో బడి వుండాలి. బడిలో పంతులు వుండాలి. పిల్లవాణ్ణి పశువులకు పంపకుండా అన్నేళ్లు బడికి పంపివుండాలి. ఫలానా పరీక్ష వుందని తండ్రికి యెవరైనా చెప్పాలి, దరఖాస్తు నింపేవాళ్లుండాలి, పరీక్షనాడు కూలి వొదులుకుని తీసుకుపోవాలి. ఇన్ని జల్లెళ్లలోంచి రాలినవాళ్లకు సర్వేల్ దొరికింది. వాళ్ల ప్రతిభను నేను తక్కువ చెయ్యడం లేదు. మొదటి జల్లెడలోనే ఆగిపోయినవాళ్లు యెవరా అని అడుగుతున్నాను, అంతే. ఇంకొక మాట. సర్వేల్ మగపిల్లల బడి. అదే వూళ్లో, అదే యింట్లో, అదే తల్లికి పుట్టిన చెల్లెలు యెంత చురుకైనదైనా ఆ గేటు దాటడానికి లేదు. ఆడపిల్లలకు గురుకులాలు తర్వాత వచ్చాయి. నవోదయ వచ్చేనాటికి సర్కారుకు కొంత కళ్లు తెరిపిడి పడింది. మూడోవంతు సీట్లు ఆడపిల్లలకని, నూటికి 75 తక్కువ కాకుండా పల్లెటూరి పిల్లలకని అందులో నిబంధన పెట్టారు.

మన జిల్లాలు యింత వెనక యెందుకున్నాయంటే నిజాం కాలానికి వెళ్లాలి. అప్పుడు పల్లెల్లో చాలాచోట్ల వున్నవి ఖాన్గీ బడులు. అంటే సొంతంగా వొక అయ్యవారు అరుగుమీదనో, గుడి మండపంలోనో నడిపే బడి. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, పెద్దబాలశిక్ష, యెక్కాలు, శతక పద్యాలు. అయ్యవారికి జీతం గింజల్లో ముట్టేది. అటువంటి బడి పెట్టడానికి కూడా సర్కారు అనుమతి కావాలని తర్వాత కట్టడి పెట్టారు. సర్కారీ బడికి పోతే చిన్న తరగతులు దాటగానే ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టారు. దేశభాషలో పైచదువులు చెప్పే గొప్ప ప్రయత్నమని దాన్ని దేశమంతా మెచ్చుకుంది. నిజమే, గొప్పదే. కాని మన నల్లగొండ రైతు పిల్లవాడికి ఉర్దూ యింటి భాష కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, దానిపైన ఇంగ్లీషు. మూడు లిపులు మోసుకుంటూ పైకి యెక్కగలిగినవాడు వూరికి వొకడో యిద్దరో. పట్వారీ కొడుకో, దేశ్‌ముఖ్ కొడుకో అయివుంటాడు. పల్లెల నుంచి వచ్చి హైదరాబాదులో చదివే పిల్లలకోసం రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో 1918లోనే రెడ్డి హాస్టలు వెలిసింది. వసతి వుంటేనే పల్లె పిల్లవాడికి చదువు అని సర్వేల్ కంటే యాభై యేళ్ల ముందు గ్రహించినవారు వాళ్లు. అదీ మగపిల్లలకే అనుకోండి.

ఆ చీకట్లో దీపాలు పెట్టినవాళ్లు కూడా మన జిల్లాల్లోనే వున్నారు. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్లగొండనుంచి 'నీలగిరి' పత్రిక నడిపారు. 1926లో 'గోలకొండ' పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు పాలమూరు జిల్లావారు. 1930లో జోగిపేటలో మొదటి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినదీ ఆయనే. ఆ మహాసభలతోపాటు ఆడవాళ్ల సభలు విడిగా జరిగేవి. జోగిపేట మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. రెండో మహాసభ 1931లో మన దేవరకొండలో జరిగింది, 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో. ఆడపిల్లలకు చదువు కావాలి, చిన్నతనపు పెళ్లిళ్లు కూడదు అన్న మాటలే ఆ మహిళా సభల్లో మళ్లీ మళ్లీ వినిపించాయి. గమనించండి, శారదా చట్టం 1930 నుంచి బ్రిటిషు ఇండియాలో అమల్లోకి వచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించదు. కృష్ణ అవతలి వొడ్డున పిల్లకు పెళ్లి చెయ్యడం నేరం, యివతలి వొడ్డున చెయ్యకపోతే తప్పు! ఆ కాలంలో మెడలో పుస్తె వున్న తొమ్మిదేళ్ల పిల్లను బడికి పంపమని సభలో నిలబడి అడగడానికి యెంత గుండె కావాలో ఆలోచించండి.

మాడపాటి హనుమంతరావు గారు 1928లో హైదరాబాదులో తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల పెట్టారు. ఉర్దూలో చెప్పడం లేదు కాబట్టి ఉస్మానియావాళ్లు దానికి గుర్తింపు యివ్వలేదు. చివరికి మహారాష్ట్రంలో కర్వే పండితుడు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకుని ఆ పిల్లలచేత పరీక్షలు రాయించారు. నల్లగొండ జిల్లానుంచి తర్వాత మూడుసార్లు శాసనసభకు యెన్నికైన ఆరుట్ల కమలాదేవి గారు కూడా పెళ్లయిన తర్వాతనే హైదరాబాదులో వుండి చదువుకున్నారు. భర్త ప్రోత్సాహం వుండబట్టి సరిపోయింది. అందరికీ అటువంటి మొగుడు దొరకాలంటే యెట్లా?

పోలీసు చర్య తర్వాత తెలుగు బడులు పల్లెపల్లెకూ రావడం మొదలైంది. నిజానికి బడి అనే మాటకు అర్థం వొక గది, వొక పంతులు, అయిదు తరగతులు. వొకే మనిషి వొక మూల ఓనమాలు దిద్దిస్తూ యింకో మూల భాగాహారాలు చెప్పాలి. ఆయనకు జ్వరం వస్తే అయిదు తరగతులకూ సెలవే. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, యిద్దరు ఉపాధ్యాయులు, వీలైతే అందులో వొకరు ఆడమనిషి వుండాలని దేశం అనుకోవడానికి 1986 దాకా పట్టింది. నల్లబల్ల పథకం అని దానికి పేరు. పంతులమ్మ వచ్చిన వూళ్లలో తల్లులు ధైర్యంగా ఆడపిల్లల్ని పంపారు. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గాని పిల్ల యెదిగే వయసులో బడిలో వొక ఆడమనిషి వుండటం యెంత కొండంత అండో తల్లులకు వేరే చెప్పక్కరలేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. విసుక్కోకండి, నాలుగే చెబుతాను. 1991 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరం వచ్చిన ఆడవాళ్లు నూటికి 18 మంది. అంటే వందమంది ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే అందులో 82 మందికి బస్సు బోర్డు చదవడం రాదు. 2001 నాటికి 32 అయింది, 2011 నాటికి 45 దగ్గరకు వచ్చింది. నల్లగొండలో ఆడవాళ్లకు 2001లో 45, 2011లో 54. అంటే పాలమూరు ఆడవాళ్లు 2011లో వున్నచోట నల్లగొండ ఆడవాళ్లు పదేళ్ల కిందటే వున్నారు. ఆ 2011లో కేరళ ఆడవాళ్లకు 92. పాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్కలో అన్నిటికంటే అడుగున వున్న జిల్లా మహబూబ్‌నగరే. 2016లో జిల్లాలను విడగొట్టాక పాత లెక్కల్నే కొత్త సరిహద్దులతో చూస్తే జోగులాంబ గద్వాల జిల్లా అట్టడుగున తేలింది. అక్కడ ఆడా మగా కలిపినా సగంమందికి అక్షరం రాదు.

పక్కపక్కనే వున్న రెండు జిల్లాలకు పదేళ్ల తేడా యెందుకు? నాకు తోచింది చెబుతాను. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వొదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు తడిశాయి. నీళ్లున్నచోట మనిషి వున్న వూళ్లోనే వుంటాడు. మనిషి వూళ్లో వుంటే పిల్లలు బడిలో వుంటారు. ఆ సాగర్ కట్టడానికి రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు కూలీలు యెందరో. దేశంలో యే ఆనకట్ట దగ్గర చూసినా పాలమూరు లేబరని పేరు. మేస్త్రీ దగ్గర ముందు డబ్బు తీసుకుని దసరా దీపావళి అయ్యాక గుంపులు గుంపులుగా బొంబాయి, పూనా, గుజరాతు వైపు పోయేవారు. తల్లితండ్రులు పోతే పిల్లలు యెక్కడుంటారు? ముసలమ్మ ఓపిక వున్నది అయితే మగపిల్లవాణ్ణి ఆమెదగ్గర వొదిలేవారు. ఆడపిల్లను మాత్రం వెంట తీసుకుపోయేవారు. చంటిపిల్లను ఎత్తుకోవడానికి, గుడిసె దగ్గర వంట చెయ్యడానికి ఆమె కావాలి. జూన్‌లో పేరు రాయించి, నవంబరులో మాయమై, యెండాకాలంలో తిరిగి వచ్చే పిల్ల పేరు హాజరుపట్టీలో వుంటుంది గాని ఆమెకు చదువు మాత్రం వుండదు. నల్లగొండలో కూడా దేవరకొండ వైపు మెట్టప్రాంతం కథ పాలమూరు కథే. ఆ తండాల్లో లంబాడాలు యెక్కువ. తెలంగాణలో వాళ్లను షెడ్యూల్డు తెగల్లో చేర్చిన చట్టం 1976లో వచ్చింది. అప్పటినుంచి తండా పిల్లలకు హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు దొరకడం మొదలైంది. ఇంట్లో తమ గోరు మాట మాట్లాడే పిల్ల బడిలో తెలుగు వినాలి. వెనకటి నల్లగొండ పిల్లవాడికి ఉర్దూతో వచ్చిన చిక్కే తండా పిల్లకు మన తెలుగుతో వచ్చింది. ఈ సంగతి మనం అంత సులభంగా వొప్పుకోం.

మరొక కారణం పత్తి. పత్తి అంటే చేలో పత్తి కాదు, విత్తనపు పత్తి. 1970లో గుజరాతులో మన దేశపు మొదటి సంకర పత్తి విత్తనం తయారైంది. సంకర విత్తనం కావాలంటే వొక్కొక్క మొగ్గనూ చేత్తో తాకాలి. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి మగభాగం గిల్లెయ్యాలి, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి దానికి పుప్పొడి రుద్దాలి. ఎకరంలో యిన్ని వేల మొగ్గలకు రోజూ యిదే పని. గద్వాల, అయిజ వైపు యీ పంట బాగా విస్తరించింది. మొక్క నడుము యెత్తుంటుంది, మొగ్గ సున్నితం, పెద్దవాళ్ల కూలి యెక్కువ. అంచేత రైతులు పదీ పన్నెండేళ్ల ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. తల్లితండ్రులకు ముందే అప్పుగా కొంత డబ్బు చేతిలో పెట్టేవారు. ఆ పని సరిగ్గా బళ్లు నడిచే నెలల్లోనే వస్తుంది. రెండు మూడు నెలలు చేలోకి పోయిన పిల్ల మళ్లీ బడికి వచ్చేసరికి పాఠాలు యెక్కడికో పోయివుంటాయి. సిగ్గుపడి మానేస్తుంది. ఆ విత్తనం దేశమంతా పోయి బంగారంలాంటి పంట పండించింది, మనమంతా ఆ నూలు బట్టలే కట్టుకున్నాం. పుప్పొడి రుద్దిన పిల్ల చదువు అక్కడే ఆగింది.

ఈ పిల్లల్ని బడికి మళ్లించే పనిలో వెంకటరంగయ్య ఫౌండేషన్‌వారి కృషి చెప్పకుండా వుండలేను. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి తర్వాత మన జిల్లాల్లోకి కూడా వచ్చారు. బడికి రాని ప్రతి పిల్లా కూలిచేసే పిల్లే, యింటిపని చేసే ఆడపిల్ల కూడా కూలిపిల్లే అని వాళ్ల వాదన. పిల్లల్ని కొన్ని నెలలు శిబిరంలో వుంచి, వయసుకు తగిన తరగతిలో చేర్పించేవారు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే వుంటుందా? ఆ కిటుకు వాళ్లకు తెలిసింది. శాంతాసిన్హా గారికి 2003లో మెగసెసే బహుమతి వచ్చింది. అదే 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బళ్లలో మధ్యాహ్నం వండిన అన్నం పెట్టడం మొదలైంది. అంతకుముందు 1995 నుంచి హాజరు బాగా వున్న పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం యిచ్చేవారు. ఆ బియ్యం యింటికి పోయి అందరికీ అన్నమయ్యేది, మంచిదే. కాని పళ్లెంలో వేడి అన్నం పెడితే పిల్ల కడుపులోకే పోతుంది. వంటచేసే అమ్మ వూరిమనిషి. యే పిల్ల నిన్న రాలేదో పంతులుకంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

నా సంగతి వొక మాట చెప్పి ముందుకు పోతాను. నేను చదివిన వూరి బడిలో, పేరెందుకు లెండి, మాకు మరుగుదొడ్డి లేదు. ఆడపిల్లలం పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వుండేవాళ్లం. ఒకటో తరగతిలో రెండు వరసల ఆడపిల్లలం వుండేవాళ్లం, పదిలో మిగిలింది నలుగురం. నలుగురమూ పాసయ్యాం. బడికి నూటికి నూరు అని బోర్డుమీద రాశారు. మాకంటే లెక్కలు బాగా వచ్చిన పిల్ల ఎనిమిదిలోనే పెళ్లయి పోయింది. ఆమె వుంటే అయిదుగురం అయ్యేవాళ్లం, శాతం మాత్రం అంతే వుండేది.

ఆ మాటే యిప్పటి లెక్కలకూ వర్తిస్తుంది. 2024 పదో తరగతి ఫలితాల్లో తెలంగాణలో ఆడపిల్లలు నూటికి 93 మంది, మగపిల్లలు 89 మంది పాసయ్యారు. దాదాపు ప్రతి యేడూ అంతే, ఆడపిల్లలదే పైచెయ్యి. పరీక్షదాకా రానిస్తే వాళ్లకు చెప్పవలసిన పనేమీ లేదు. రానివ్వడానికి జరిగిన యేర్పాట్లలో నాకు అన్నిటికంటే నచ్చింది కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు. 2004లో కేంద్రం పెట్టిన పథకం. ఆడవాళ్ల అక్షరాస్యత దేశపు సగటుకంటే తక్కువగా వున్న మండలాలు చూసి అక్కడే పెట్టారు. అంచేత పాలమూరుకు చాలా వచ్చాయి. వెనకబాటుతనం మనకు పనికివచ్చిన సందర్భం అదొక్కటే అనుకుంటాను! ఇక్కడ ప్రవేశపరీక్ష లేదు. బడి మానేసిన పిల్ల, తల్లితండ్రి లేని పిల్ల, వలసపోయేవాళ్ల పిల్ల, వీళ్లకే ముందు చోటు. సర్వేల్ తెలివైన పిల్లవాణ్ణి యెంచి తీసుకుంది, కస్తూర్బా జల్లెడలో మిగిలిపోయిన పిల్లను తీసుకుంటుంది. రెండూ కావాలి. అయితే రెండో బడి పనిని మొదటి బడి ర్యాంకులతో కొలవకూడదు. అది అన్యాయం.

సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980ల నుంచి వున్నాయి. వాటిలో చదివిన నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు యెక్కింది. అప్పుడు ఆ సంస్థ కార్యదర్శిగా వున్న ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ గారు మన అలంపురం మనిషి. ఆ వార్త వచ్చాక మా వీధిలో వొక ముసలమ్మ, మనవరాలిని హాస్టల్లో వెయ్యనని మూడేళ్లుగా పట్టుబట్టినది, యెక్కనీ అంది. కొండ కాదు లెండి, హాస్టలుకు పోయే బస్సు.

ఇక యిప్పటి పల్లెబడి. గదులు వున్నాయి, పంతుళ్లు వున్నారు, అన్నం వుంది, చాలాచోట్ల మరుగుదొడ్డి కూడా వచ్చింది. పిల్లలే తగ్గారు. కొంత మంచికే. ఇదివరకు యింటికి అయిదుగురు, యిప్పుడు యిద్దరు. మిగిలింది పచ్చబస్సు, అదే ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి బస్సు. పొద్దున్నే వూరి చావడి దగ్గర నిలబడి చూడండి. యే పిల్లలు బస్సెక్కుతారు, యే పిల్లలు సంచీ తగిలించుకుని సర్కారు బడికి నడుస్తారు? చాలా యిళ్లల్లో కొడుకు బస్సెక్కుతాడు, కూతురు నడుస్తుంది. తండా పిల్లలు, కూలివాళ్ల పిల్లలు, ఆడపిల్లలు. సర్కారు బడిలో యిప్పుడు యెక్కువగా మిగిలింది వీళ్లే. అటువంటి బడి ఫలితాన్ని బస్సు బడి ఫలితం పక్కన పెట్టి, సర్కారు బడి దండగ అనేవాళ్లున్నారు. ఒకటినుంచి మోసుకువచ్చిన బరువు తూచకుండా చివర్లో చేరిన చోటు మాత్రమే చూస్తే యెట్లా? పిల్లలు తక్కువున్నారని పల్లెబడి మూసి పక్కవూరి బడిలో కలిపితే మగపిల్లవాడు సైకిలు తొక్కుకుని పోతాడు. రెండు మైళ్ల దారిలో ఆడపిల్లను పంపాలా వద్దా అని తల్లి మళ్లీ ఆలోచనలో పడుతుంది. ఈ ఆలోచన ఫైలుమీద సంతకం పెట్టేవారికి కనబడదు.

మీకొక పని చెబుతాను. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికి వొక కమిటీ వుండాలి. అందులో నాలుగింట మూడువంతులు తల్లితండ్రులు, మొత్తంలో సగంమంది ఆడవాళ్లు వుండాలని చట్టంలోనే రాశారు. 2024లో తెలంగాణలో బడి మరమ్మతులు, నీళ్లు, మరుగుదొడ్లు చూడటానికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాలవాళ్లతో పెట్టారు. కాబట్టి మీరు బడికి పోయి కూర్చుంటే యెవరూ యెందుకొచ్చావని అడగడానికి లేదు. పోయినప్పుడు పదో తరగతి ఫలితం యెంత అని అడగకండి. ఈ యేడు పదిలో వున్న పిల్లలు తొమ్మిదేళ్ల కిందట ఒకటో తరగతిలో వున్నప్పటి హాజరుపట్టీ తియ్యమనండి. రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి పేర్లు చదవండి. సార్లు మంచివాళ్లయితే వాళ్లే సాయం చేస్తారు. యే పేరు యే యేట, యే నెలలో తెగిపోయిందో కనబడుతుంది. దసరా తర్వాత తెగిన పేర్లు వలసవి, వానాకాలంలో తెగినవి పత్తిచేలవి, మాఘమాసం తర్వాత తెగినవి పెళ్లిళ్లవి. ఆ పిల్లల తల్లులు మీకు పేరుపేరునా తెలిసినవాళ్లే, వాళ్ల యిళ్లు బడికి నాలుగడుగుల దూరంలోనే వుంటాయి. సాయంత్రం వాళ్లు కూలినుంచి వచ్చాక పొండి, పగలు పోతే తాళం వుంటుంది.